తువ్వాలు వేసిన సీటు

మావయ్య పోయారని నాకు కార్డు వచ్చింది. టెలిగ్రాం కాదు, కార్డు. నేను మద్రాసులో విమానం నడపడం నేర్పే క్లబ్బులో పని చేస్తున్నాను. ఆ రోజు పాఠం ముగించుకుని ఆఫీసు గదిలోకి వచ్చేసరికి బల్ల మీద ఉంది. గుడివాడ-బందరు బస్సు నడిపే ఏలూరు డ్రైవరు రాశాడు. "డ్రైవరు మావయ్యగారు శుక్రవారం పొద్దున కాలం చేశారండి. గుండె ఆగిందన్నారు. బాధ పడలేదు. మీకు తెలియపరచమని అత్తయ్యగారు చెప్పారు." అప్పటికే ఆరు రోజులయింది. ఒకప్పుడైతే నాకు టెలిగ్రామే వచ్చేది. కార్డు చాలు అనుకునేంత దూరానికి నన్ను నేనే జరుపుకున్నాను. ఇందులో ఎవరినీ అనడానికి లేదు.

ఆయన నాకు వరసకి మావయ్య కాదు. బందరులో మా ఇంటికి రెండిళ్ల అవతల ఉండేవారు. సొంత ఊరు దివిసీమలో, హంసలదీవి దగ్గర ఒక పల్లె. మేము క్రైస్తవులం, మా నాన్నగారు మిషన్ స్కూల్లో లెక్కల మేష్టారు. మావయ్య ఇంట్లో వెంకటేశ్వరస్వామి పటం ఉండేది. అయినా క్రిస్మస్‌కి మా ఇంట్లో వండిన మొదటి అరిసె ఆయన నోట్లోకే వెళ్లాలి. పిల్లలు లేరు. అందుకని వీధిలో పిల్లలందరికీ మావయ్య అయ్యారు. అందరిలోకీ నాకు కాస్త ఎక్కువ మావయ్య.

ఆయన గుడివాడ బస్సు నడిపేవారు. బస్సు ఎక్కే ముందు చుట్టూ ఒకసారి తిరిగి ఒక్కో టైరునీ అరచేత్తో చరిచేవారు. ఆవు వీపు తట్టినట్టు ఉండేది. సీట్లో కూర్చుని టీ తాగేవారు కాదు. "తినే పీట వేరు, పని చేసే పీట వేరు" అనేవారు. దిగి టీకొట్టు దాకా వెళ్లి, నిలబడి తాగి వచ్చేవారు. అలా దిగేటప్పుడు భుజం మీద తువ్వాలు తీసి, నాలుగు మడతలు పెట్టి, తన సీటు మీద వేసేవారు. పెడన నేత తువ్వాలు, ఎర్ర అంచుది. గుడివాడ బస్టాండులో డ్రైవర్లందరికీ ఆ అలవాటుండేది. ప్రయాణికులు కిటికీలోంచి రుమాలు పడేసి సీటు పట్టుకుంటారు గదా, ఆ మర్యాదే డ్రైవరు సీటుకీను. తువ్వాలు ఉందంటే మనిషి ఉన్నాడని. టీకి వెళ్లాడో, ఇంటికి వెళ్లాడో, వస్తాడని.

ఇది బస్సుల కథలా మొదలైంది కానీ నేను చెప్పబోయేది విమానాల సంగతి. మీలో ఎవరి అబ్బాయైనా, తమ్ముడైనా విమానం నడిపే లైసెన్సు పుచ్చుకుని ఉద్యోగం కోసం తిరుగుతూ ఉంటే ఇది చదివి వినిపించండి. నా దగ్గర నేర్చుకున్న కుర్రాళ్లకి ఈ మాటలు ఏళ్ల తరబడి చెబుతున్నాను. ఎవరి దగ్గర నేర్చుకున్నానో మాత్రం ఎన్నడూ చెప్పలేదు. అదొక బస్సు డ్రైవరు చెప్పినది అనడానికి సిగ్గుపడ్డాను. అంతకన్నా పెద్ద సిగ్గు ఇంకొకటి ఉంది. అది చివరికి చెబుతాను.

నేను బందరులో బి.ఎస్సీ. చదివే రోజుల్లో బస్సులింకా ప్రైవేటువాళ్లవే. గుడివాడలో ఒక యజమాని ఒక ముసలి డ్రైవర్ని పని మానిపించాడు. ఆయన చేసిన నేరం ఒకటే. ఆఖరి ట్రిప్పు వేసి వచ్చినవాణ్ణి మళ్లీ మొదటి ట్రిప్పుకి వెయ్యొద్దని అడిగాడు. "నిద్ర లేకుండా స్టీరింగు పట్టుకుంటే నేను పోతే పోతాను, వెనకాల నలభై మంది ఉంటారు గదండీ" అన్నాడట. అప్పటికి డ్రైవర్ల యూనియన్‌కి మావయ్య కార్యదర్శి. బస్టాండు వెనక ఒక గది, ఒక బల్ల, ఒక కూజా, అదే యూనియన్. మిగతా డ్రైవర్లంతా ఎవరి బస్సులు వాళ్లు నడిపారు కానీ ఆ ఒక్క బస్సునీ ఎవరూ ముట్టుకోలేదు. అది స్టాండులో అలాగే నిలబడి ఉంది. సీటు మీద ముసలాయన తువ్వాలు అలాగే ఉంది. దుమ్ము పట్టింది కానీ కదల్లేదు.

మూడో వారంలో యజమాని ఏలూరు నుంచి ఒక కుర్ర డ్రైవర్ని పిలిపించాడు. ఆ రోజు నేను ఏదో పని మీద గుడివాడ వెళ్లి, టీకొట్టు దగ్గర మావయ్య పక్కనే నిలబడి ఉన్నాను. కుర్రాడి లైసెన్సు కొత్తది, చొక్కా పాతది. మెట్టెక్కి, తువ్వాలు సగం ఎత్తి, ఎందుకో ఆగి మా వైపు చూశాడు. ఇరవై మంది డ్రైవర్లు గ్లాసులు చేత్తో పట్టుకుని అటే చూస్తూ నిలబడ్డారు.

"ఎవరిదండీ ఇది?" అని అడిగాడు.

మావయ్య బస్సు దగ్గరికి వెళ్లారు. "కూర్చోవాలనుకుంటే కూర్చో తమ్ముడూ, నిన్నిక్కడ ఎవరూ ఏమీ అనరు. కానీ అడిగావు కాబట్టి చెప్తాను. విని కూర్చో" అన్నారు. మొత్తం చెప్పారు, రెండు నిమిషాలు పట్టి ఉంటుంది. గొంతు పెంచలేదు.

కుర్రాడు తువ్వాలుని ఎలా ఉన్నది అలా మడిచి, సీటు మీద పెట్టి, దిగాడు. "ఉద్యోగం దొరికిందని మా అమ్మతో చెప్పి వచ్చానండీ" అన్నాడు కిందికి చూస్తూ.

"దొరకలేదని చెప్పకు. ఆలస్యం అవుతుందని చెప్పు" అన్నారు మావయ్య.

అందరూ కలిసి వాణ్ణి హోటల్లో భోజనానికి కూర్చోబెట్టి, తరవాత ఏలూరు బస్సెక్కించారు. ఇంకో నాలుగు రోజులకి యజమాని మెత్తబడ్డాడు. ముసలాయన వచ్చి తన తువ్వాలు దులిపి భుజాన వేసుకుని బండి తీశాడు. నేనీ కథని కాలేజీలో ఎంతమందికి చెప్పానో లెక్కలేదు. నేనే ఆ తువ్వాలు మడిచినంత గొప్పగా చెప్పేవాణ్ణి.

తరవాత నేను స్కాలర్‌షిప్పు మీద మద్రాసు వెళ్లి విమానం నేర్చుకున్నాను. లైసెన్సు వచ్చింది. ఉద్యోగం రాలేదు. అప్పట్లో మాలాంటివాళ్లు దేశంలో ప్రతి ఊళ్లోనూ గోళ్లు గిల్లుకుంటూ కూర్చున్నారు. రెండేళ్లు బందరులో ఖాళీగా ఉన్నాను. అర్జీ పెట్టని కంపెనీ లేదు. ఎదురుపడ్డ ప్రతి మనిషీ "ఏం బాబూ, విమానం ఎప్పుడు?" అని అడిగేవాడు. అది తప్పించుకోవడానికి పొద్దున్నే మావయ్య బస్సెక్కి గుడివాడ వెళ్లిపోయేవాణ్ణి. ఇంజను పక్కన ఒంటి సీటు ఒకటుండేది. దాని మీద మావయ్య నాకోసం రెండో తువ్వాలు వేసి ఉంచేవారు. "మా పైలెట్ వస్తున్నాడు, అటు జరగండి" అని కండక్టరు కేకేసేవాడు.

అప్పుడే బస్సులు ప్రభుత్వం తీసుకుంటుందని తెలిసింది. డ్రైవర్లని వాళ్లు చేరిన వరస ప్రకారం తీసుకుంటారు, ఆ జాబితా ఇమ్మన్నారు. ప్రైవేటు యజమానుల దగ్గర కాగితాలెక్కడివి? నా చేతిరాత బాగుంటుందని మావయ్య నన్ను యూనియన్ గదిలో కూర్చోబెట్టారు. ఒక్కొక్క డ్రైవరూ వచ్చి నిలబడేవాడు.

"నువ్వు పెద్ద తుఫానుకి ముందు చేరావా, తరవాతా?"

"తరవాతేనండీ. నేను చేరేసరికి మా ఇంటికి కప్పు లేదు."

"అయితే ఈయన కన్నా వెనక. ఈయన బండి తుఫాన్లోనే తిరగబడింది."

అలా తుఫానుల్ని, వరదల్ని, పెళ్లిళ్లని పట్టుకుని అరవై మంది వరస తేల్చారు. నాకు విసుగొచ్చి, "అందరూ చేరేవాళ్లే గదా మావయ్యా, ముందేమిటి, వెనకేమిటి?" అన్నాను.

"వరస తప్పితే సొంత అన్నదమ్ములే కొట్టుకుంటార్రా. రేపు మంచి రూటు ఎవడికి రావాలి? మనుషులు ఎక్కువయ్యారంటే ముందు ఎవడు ఇంటికి పోవాలి? దొరగారికి నచ్చినవాడు ఉండాలా, నచ్చనివాడు పోవాలా? ఈ నంబరు ఉంటే ఎవడికీ సలాం కొట్టక్కర్లేదు" అన్నారు.

ఏలూరు కుర్రాడి వంతు వచ్చింది. అతన్ని ఆ గొడవ తీరిన రెండు నెలలకి ఇంకో బస్సు మీద తీసుకున్నారు. నేను ఆ తేదీ రాయబోతుంటే మావయ్య నా చెయ్యి పట్టుకున్నారు. "అది కాదు. ఆ బస్సు దిగిన రోజు వెయ్యి" అన్నారు. గదిలో ఒకరిద్దరు గొణిగారు, ఆ లెక్కన వాళ్ల నంబర్లు ఒకటి వెనక్కి వెళ్తాయి. "వాడు మనతో చేరింది ఆ రోజే" అన్నారు మావయ్య. గొణిగినవాళ్లు కూడా సరేనన్నారు. నా చేత్తో నేనే రాశాను ఆ తేదీ. అందుకే, నాకు తెలియక చేశాను అనే మాట ఈ జన్మలో అనలేను.

కలకత్తా నుంచి టెలిగ్రాం వచ్చింది. సరుకులు మోసే చిన్న విమాన కంపెనీ, పేరు ఇక్కడ అనవసరం. వెంటనే బయల్దేరి రండి, వారంలో కో-పైలెట్ సీటు ఇస్తాం అని ఉంది. రెండేళ్లు తలుపు తట్టినా పలకనివాళ్లు ఇప్పుడు దారి బత్తెం కూడా ఇస్తామంటున్నారు. మా అమ్మ మోకాళ్ల మీద ప్రార్థన చేసింది. నేను టెలిగ్రాం పట్టుకుని మావయ్య ఇంటికి పరిగెత్తాను.

ఆయన భోజనం చేస్తున్నారు. ఎడంచేత్తో టెలిగ్రాం పట్టుకుని రెండుసార్లు చదివించుకున్నారు. సంతోషపడ్డారు, కళ్లు చెమర్చాయి. తరవాత అన్నం కలుపుతూ అడిగారు.

"రెండేళ్లుగా లేని సీటు రాత్రికి రాత్రి ఎక్కడ్నుంచి వచ్చిందిరా?"

"కొత్త విమానాలు కొన్నారేమో."

"కొంటే మంచిదే. సీటు ఎందుకు ఖాళీ అయిందో ముందు కనుక్కో. మేనేజర్ని అడక్కు, ఆయన మంచి మాటలే చెప్తాడు. అక్కడ నడిపేవాళ్లని అడుగు. మీవాళ్లకీ యూనియన్ ఉంటుంది గదా. వాళ్ల గది ఎక్కడో కనుక్కుని, ముందు వాళ్లతో టీ తాగి, ఆ తరవాత ఆఫీసుకి వెళ్లు."

"మాది యూనియన్ అనరు మావయ్యా, అసోసియేషన్ అంటారు."

"స్టీరింగు పట్టుకున్నవాడెవడైనా డ్రైవరేరా. నీది కాస్త ఎత్తులో ఉంటుంది, అంతే." మజ్జిగ పోసుకున్నారు. "కాగితం ఇస్తే వెనక పేజీ చదివి సంతకం పెట్టు. ముందు పేజీలో వాళ్లు నీకిచ్చేది ఉంటుంది, వెనక పేజీలో నువ్వు వాళ్లకిచ్చేది ఉంటుంది. నీ నంబరు ఎంతో అడుగు. ఎంత విశ్రాంతి ఇస్తారో అడుగు. రేపేదన్నా జరిగి విచారణ పెడితే, నీ పక్కన ఎవరు నిలబడతారో అడుగు. ఎవరూ లేరంటే, ఎంత జీతమైనా ఆలోచించుకో."

"అన్నీ అడిగితే ఉద్యోగం ఇస్తారా?" అన్నాను నవ్వుతూ.

"అడిగినందుకు ఇవ్వనివాడు అడక్కపోయినా ఉంచుకోడు." అత్తయ్య గిన్నె తెచ్చి పెరుగు వేసింది. ఆయన నా మొహంలోకి చూసి, "సీటు మీద తువ్వాలు ఉంటే మాత్రం కూర్చోకు నాయనా" అన్నారు.

"విమానాల్లో తువ్వాళ్లు వెయ్యరు మావయ్యా" అన్నాను. ముగ్గురం నవ్వుకున్నాం.

నాన్నగారి మాట వేరు. "యూనియన్లు మిల్లుల్లో వాళ్లకీ బస్సుల వాళ్లకీను. నువ్వు ఆఫీసరువి, టోపీ పెట్టుకుంటావు" అన్నారు. నాకు ఆ మాటే రుచించింది. ఇది మా వైపు చదువుకున్న ఇళ్లలో అందరూ చేసే పొరపాటే. ఒక తరం ముందు పొలంలో కూలి చేసినవాళ్లం, టోపీ రాగానే కూలి అన్న మాట చెవిన పడకూడదనుకుంటాం.

కలకత్తా విమానాశ్రయంలో కంపెనీ గేటు దగ్గర ఏడెనిమిది మంది నిలబడి ఉన్నారు. అందరూ ఇస్త్రీ చొక్కాల్లో ఉన్నారు, నినాదాలేమీ లేవు. వాళ్లలో కళ్లజోడు పెట్టుకున్న ఒక పొట్టి మనిషి నా దగ్గరికొచ్చి చాలా మర్యాదగా ఇంగ్లీషులో అడిగాడు. "కొత్తగా వచ్చారా? లోపలికి వెళ్లే ముందు అయిదు నిమిషాలు మాతో టీ తాగుతారా?"

టీ అనగానే నాకు మావయ్య గుర్తొచ్చారు. అబద్ధం ఎందుకు, స్పష్టంగా గుర్తొచ్చారు. "పది గంటలకి రిపోర్టు చెయ్యమన్నారండీ" అని లోపలికి వెళ్లిపోయాను. అప్పటికి తొమ్మిదింపావు.

వెనక పేజీ చదివాను. అయిదేళ్లదాకా మానకూడదనీ, ఏ సంఘంలోనూ చేరననీ ఉంది. సంతకం పెట్టాను. నంబరు అడగలేదు. మూడో రోజు డకోటా విమానం ఎక్కించారు. కుడి సీట్లో కూర్చుంటే మోకాళ్లు ముందుకి తగిలాయి. ఎవరో పొట్టి మనిషి కాళ్లకి అందేలా సీటు బాగా ముందుకి జరిపి ఉంది. నేను పొడగరిని. పక్కనున్న మీట పట్టుకుని సీటు వెనక్కి తోశాను. అది గేటు దగ్గరాయన సీటో కాదో నాకు ఇప్పటికీ తెలీదు. ఎవరో ఒకరిది. విమానాల్లో తువ్వాళ్లు వెయ్యరన్నాను గదా. వేస్తారు. అది అలా ఉంటుంది.

వాళ్ల గొడవ ఏమిటో తరవాత తెలిసింది. కొండల మీదికి రోజుకి ఇన్ని ట్రిప్పులు మించి వెయ్యొద్దని, మధ్యలో నిద్రకి గంటలు వదలమని అడిగారు. కంపెనీ కాదంటే సమ్మె కట్టారు. గుడివాడ ముసలాయన అడిగిందే.

సమ్మె ఇంకా సాగుతుండగానే క్రిస్మస్ వచ్చింది. మాలాంటివాళ్లం ఎక్కడ జారిపోతామోనని కంపెనీ నాకు అయిదు రోజులు సెలవిచ్చింది. యూనిఫారం వేసుకునే వచ్చాను, బందరు చూడాలి గదా. గుడివాడలో రైలు దిగేసరికి మావయ్య, ఏలూరు డ్రైవరు, ఇంకో పదిమంది. నన్ను యూనియన్ గదికి తీసుకెళ్లారు. బంతిపూల దండ వేశారు. మిక్స్చరు, టీ. బల్ల దగ్గర, జాబితా రాస్తూ నేను కూర్చున్న కుర్చీలోనే కూర్చోబెట్టారు. గోడకి నా చేతిరాతతో డ్రైవర్ల జాబితా వేలాడుతోంది.

మావయ్య అందరి ముందూ, వేళాకోళంగానే అడిగారు. "ఏరా పైలెట్, సీటు ఎందుకు ఖాళీ అయిందో కనుక్కున్నావా?"

"కనుక్కున్నా మావయ్యా. అంతకుముందున్నాయన రిటైరయ్యారు" అన్నాను.

అందరూ చప్పట్లు కొట్టారు. మావయ్య కూడా కొట్టారు, ఒక క్షణం ఆలస్యంగా.

నెల తిరక్కుండా సమ్మె తీరింది. ఒప్పందంలో మొదటి షరతు, సమ్మె రోజుల్లో చేర్చుకున్నవాళ్లని పంపెయ్యాలని. మేనేజరు నాతో కరచాలనం చేసి, మీ సేవకి కృతజ్ఞతలు అన్నాడు. అయిదేళ్ల షరతు నాకే గానీ ఆయనకి లేదని అప్పుడు అర్థమయింది. నా తరఫున మాట్లాడడానికి ఎవరున్నారు? ఏ సంఘంలోనూ చేరనని నేనే రాసిచ్చాను. తరవాత వేరే కంపెనీల ఇంటర్వ్యూలకి వెళ్లాను. అన్నీ బాగా చెప్పేవాణ్ణి. ఆఖర్న ఎవరో ఒక సీనియర్ పైలెట్, "కలకత్తాలో మీరు ఏ నెలలో చేరారు?" అని అడిగేవాడు. చెప్పేవాణ్ణి. ఆయన ఫైలు మెల్లిగా మూసేవాడు. తిట్టలేదు, ఒక్కరూ తిట్టలేదు. నా పక్క సీట్లో కూర్చోవడానికి ఒప్పుకోలేదు, అంతే. అలా నేను కెప్టెన్ని కాలేదు. కుర్రాళ్లకి నేర్పేవాణ్ణి అయ్యాను. నా దగ్గర నేర్చుకున్నవాళ్లు ఇవాళ కెప్టెన్లు.

యూనియన్ అంటే అంతా వెన్నెల అని నేను చెప్పబోవడం లేదు. అక్కడా ముఠాలుంటాయి, పదవి పిచ్చివాళ్లుంటారు. మావయ్యకే ఒకసారి సొంతవాళ్లు ఎన్నికల్లో వెన్నుపోటు పొడిచారు. ఆ మర్నాడు చందా కట్టడానికి అందరికన్నా ముందు ఆయనే వెళ్లారు. ఎందుకండీ అంటే, "గొడుక్కి చిల్లు పడిందని వానలో పారేస్తామా? కుట్టించుకుంటాం" అన్నారు.

నేను కలకత్తా నుంచి పెట్టె పట్టుకుని తిరిగి వచ్చిన రోజు గుడివాడలో దిగలేదు. మద్రాసులో పని దొరికాక, ఏడాదికోసారి ఇంటికొచ్చినప్పుడూ దిగలేదు. బెజవాడలో ఎక్కిన ప్యాసింజరులోనే బందరుదాకా కూర్చునేవాణ్ణి. గుడివాడ స్టేషన్లో బండి ఆగినంతసేపూ అటు పక్క కిటికీ దగ్గర కూర్చుని పేపరు అడ్డం పెట్టుకునేవాణ్ణి. ఎనిమిదేళ్లు. బందరులో ఇంటికి వచ్చి పలకరించేవారు మావయ్య. వాతావరణం, ఆరోగ్యం, మా అమ్మ మోకాళ్ల నొప్పి. కలకత్తా సంగతి ఒక్కసారి అడిగితే చెప్పేద్దును అనుకునేవాణ్ణి. ఆయన అడగలేదు. అడక్కపోవడం వల్ల ఆయనకి తెలీదనుకున్నాను. తెలీకపోవడం మంచిదే అనుకున్నాను. ఎంత సుఖంగా బతకవచ్చో చూడండి.

కార్డు అందగానే బయల్దేరి పెద్దకర్మకి ముందు రోజు చేరాను. అత్తయ్య వరండాలో గోడకి చేరబడి కూర్చుంది. నన్ను చూసి ఏడవలేదు. "రైల్లో వచ్చావా?" అంది.

తల ఊపాను.

"నువ్వు వస్తున్నావని మీ నాన్నగారు చెప్పినప్పుడల్లా ఆ సీటు మీద తువ్వాలు వేసేవారు. మీ బెజవాడ బండి గుడివాడ వచ్చి వెళ్లిపోయేదాకా బస్సు తియ్యకుండా నిలబెట్టేవారట. కిందటేడు రిటైరయ్యాక కూడా, ఏలూరబ్బాయికి చెప్పి వేయించేవారు. 'రైల్లో వెళ్లిపోయాడంటండీ' అని వాళ్లనేవాళ్లు. 'ఉండనివ్వండి' అనేవారు."

నేను వరండా మెట్టు మీద కూర్చున్నాను. "అత్తయ్యా, మావయ్యకి తెలుసా?"

"ఆ క్రిస్మస్ రోజే తెలుసు బాబూ. ఇంటికొచ్చి చొక్కా విప్పుతూ చెప్పారు. 'వాడు అబద్ధం చెప్పాడే. చెప్పినంతసేపూ దండకేసి చూశాడు' అని. పిలిచి అడగొచ్చుగా అన్నాను. ఒకసారి కాదు, ప్రతి ఏడూ అన్నాను." ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. "'వాడే దిగాలి. మనం దింపితే అది దిగడం కాదు' అనేవారు."

ఎనిమిదేళ్లలో ఆయనతో ఆ ఒక్క మాట చెప్పడానికి ఎన్ని రోజులున్నాయో మీరు లెక్కపెట్టనక్కర్లేదు, నేను లెక్కపెట్టాను. బందరులో మా రెండిళ్ల మధ్య ముప్ఫై అడుగుల దూరం ఉంటుంది. చెబితే ఆయన ఏమనేవారో కూడా నాకు తెలుసు. తిట్టేవారు కాదు. ఆలస్యం అయిందిలే అనేవారు.

పెద్దకర్మ అయిన మర్నాడు రైలుకి వెళ్లలేదు. బస్టాండుకి వెళ్లాను. గుడివాడ బస్సు దగ్గర ఏలూరు డ్రైవరు చుట్టూ తిరిగి టైర్లు చరుస్తున్నాడు. అతని కణతల దగ్గర జుట్టు నెరిసింది. నన్ను చూసి తలుపు తీశాడు. ఇంజను పక్క ఒంటి సీటు మీద ఎర్ర అంచు తువ్వాలు నాలుగు మడతలు పెట్టి ఉంది.

"అత్తయ్యగారు ఇచ్చారండీ. ఆయన పోయినప్పట్నుంచీ వేసే తిప్పుతున్నాను. మీరొస్తారని తెలుసు. కూర్చోండి సార్, అది మీ సీటే."

నేను మెట్టు మీదే ఆగాను. వెనక జనం ఎక్కుతున్నారు. ఎవరు వింటారోనని చూసుకోలేదు.

"నాకు కలకత్తాలో ఇచ్చిన సీటు ఉంది చూడండి. అందులో అంతకుముందున్నాయన రిటైరవలేదు. సమ్మెలో ఉన్నారు. గేటు దగ్గర నిలబడి ఉన్నారు. నేను చూసుకుంటూనే లోపలికి వెళ్లాను" అన్నాను.

అతను తన సీట్లోకి ఎక్కి స్టీరింగు మీద చేతులు పెట్టాడు.

"ఆ రోజు నేనూ తువ్వాలు సగం ఎత్తానండీ. మీరు చూశారు గదా" అన్నాడు. "అంతమంది టీకొట్టు దగ్గర నిలబడి చూస్తున్నారు కాబట్టి అడిగాను. ఎవరూ లేకపోతే ఏం చేసేవాణ్ణో నాకు తెలీదు." ఇంజను స్టార్ట్ చేశాడు. "కూర్చోండి, గుడివాడ దూరం."

కూర్చోలేదు. పైన కమ్మీ పట్టుకుని నిలబడ్డాను. మలుపు తిరిగినప్పుడల్లా తువ్వాలు ఇంజను వైపు జారేది, అతను రోడ్డు మీంచి చూపు తియ్యకుండా ఎడంచేత్తో దాన్ని మళ్లీ మధ్యకి జరిపేవాడు. పెడనలో నేతగాళ్లు మూటలతో ఎక్కారు. గుడ్లవల్లేరులో బస్సు కిక్కిరిసింది. ఒక ముసలామె నా మోచేతి కింద నలుగుతూ నిలబడింది. ఒక బడి పంతులు ఒంటి కాలి మీద నిలబడ్డాడు. ఆ ఒంటి సీటు అందరికీ కనబడుతూనే ఉంది. గుడివాడదాకా ఒక్కరూ దాని సంగతి ఎత్తలేదు. తువ్వాలు వేసిన సీటు గురించి మా వైపు ఎవరూ అడగరు.